పెంకు రంగుకి పైసలెందుకు?

హైదరాబాద్‌లోని మా సైదాబాద్‌లో కోడిగుడ్డుకి రెండు ధరలున్నాయి. తెల్ల పెంకుకి ఒకటి, ఎర్ర పెంకుకి ఇంకొకటి. రెండోది మొదటిదానికి రెట్టింపు, కొన్ని కొట్లలో అంతకన్నా ఎక్కువ. ఐఎస్ సదన్ నుంచి చంపాపేట దాకా, మాదన్నపేట మార్కెట్ చుట్టూ, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఎక్కడైనా అడిగి చూడండి. ఎర్రగా ఉంటే నాటు గుడ్డంటారు, నాటు గుడ్డంటే బలమంటారు, బలం కాబట్టి డబుల్ రేటంటారు. మొదటి మాట అబద్ధం. రెండోది సగం అబద్ధం. మూడోది మాత్రం మన జేబులోంచి పోయే అసలైన డబ్బు. కాన్పయిన కూతురికి, బక్కచిక్కిన పిల్లవాడికి, జ్వరం నుంచి లేచిన తండ్రికి పెట్టాలని, మిగతా ఖర్చులు తగ్గించుకుని మరీ కొనేవాళ్ల దగ్గర ఈ డబ్బు వసూలవుతోంది. నా కోపం అందుకే.

పెంకుకి ఆ ఎరుపు ఎక్కడిదో ముందు తెలుసుకుందాం. పెట్ట కడుపులో గుడ్డు తయారవడానికి ఒక రోజుకి పైనే పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. ఆ పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థమే. తెల్ల గుడ్డు జాతైనా ఎర్ర గుడ్డు జాతైనా పెంకు తెల్లగానే మొదలవుతుంది. ఎర్ర గుడ్డు పెట్టే జాతుల్లో, గుడ్డు బయటికొచ్చే ముందు చివరి కొద్ది గంటల్లో, పెంకు కట్టే గ్రంథిలోని కణాలు ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థాన్ని దాని మీద పూస్తాయి. రక్తంలోని హీమోగ్లోబిన్ తయారీలో ఒక మెట్టు ఈ పదార్థం. గోడకి వేసిన రంగులా అది చాలావరకు పైపైనే ఉండిపోతుంది. ఎర్ర గుడ్డు కొట్టి పెంకు లోపలివైపు చూడండి, తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. లోపలి సొనకీ పై పూతకీ ఏ లావాదేవీ లేదు. మామూలు సైజు గుడ్డు ఏ రంగుదైనా అందులో ఉండేది సుమారు 6 గ్రాముల ప్రొటీనే.

ఆ పూత ఎంత చిక్కగా పడాలన్నది ఒక్క జన్యువు చేతిలో లేదు. చాలా జన్యువులు కలిసి తేలుస్తాయి. మీగడ రంగు నుంచి ముదురు ఇటుక రంగు దాకా అన్ని ఛాయలు రావడానికి కారణం ఇదే. పెట్ట వయసు మళ్లితే రంగు పాలిపోతుంది. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ సోకితే పాలిపోతుంది. రక్తపారుడు రోగానికి వాడే నైకార్బజిన్ మందు గుడ్ల కోళ్ల దాణాలో కలిసిందంటే ఎర్ర గుడ్లు పెట్టే పెట్ట తెల్లబారిన గుడ్లు పెడుతుంది. ఈ లెక్కన పెంకు రంగు మనకి చెప్పేది పెట్ట వంశం, వయసు, ఆరోగ్యం గురించి ఒకటి రెండు ముక్కలే. అది ఏం తిన్నది, ఎండలో తిరిగిందా, పంజరంలో నిలబడే బతికిందా అన్నది రంగు చెప్పదు. నిజానికి సొనలో తేడా తెచ్చేవి ముఖ్యంగా తిండి, ఎండ. ఎండ తగిలి, పచ్చగడ్డీ పురుగులూ తిన్న పెట్ట గుడ్డులో విటమిన్ డి, మంచి కొవ్వులు కొంత పెరుగుతాయి. నేను సగం అబద్ధం అన్నదాంట్లో నిజమైన సగం అది. దానికి డబ్బివ్వడం న్యాయమే. కానీ పంజరంలో పెరిగిన ఎర్ర జాతి పెట్ట కూడా ఎర్ర గుడ్డే పెడుతుంది కదా! సొన ముదురు పసుపుగా ఉంటే నాటు అనే మరో గుడ్డి నమ్మకం ఉంది. మొక్కజొన్న, బంతిపూల పొడి దాణాలో కలిపితే ఆ పసుపు ఏ షెడ్డులోనైనా వస్తుంది.

మా సైదాబాద్‌లోనే ఒక కొట్టు ముందు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో 'నాటు కోడి గుడ్లు' అని రాసి పెట్టారు. దాని కింద ట్రేలు. ట్రేకి ముప్పై గుడ్లు, ముప్పైకి ముప్పై ఒకే ఎరుపు, ఒకే సైజు. ఎక్కడివని అడిగితే కొట్టు పిల్లవాడు, "ఊర్లకెల్లి వస్తయ్ సార్, అసలు నాటువి, రంగు సూడుర్రి" అన్నాడు. ఏ ఊరంటే, "సాగర్ రోడ్డు దిక్కు" అన్నాడు. ఎన్ని కోళ్లున్నాయి, ఎవరు పెంచుతారు అంటే, "గదంతా మాకేం ఎర్క సార్, బండి వస్తది, దించి పోతరు" అన్నాడు. ఆ పిల్లవాడి మీద నాకే కోపమూ లేదు, అతనికి చెప్పిందే అతను చెప్పాడు. ఒక గుడ్డు తూకంలో పెట్టమన్నాను. 58 గ్రాములు. ఇంకోటి పెట్టాడు. 59. మన పల్లెల నాటు పెట్ట గుడ్డు సాధారణంగా 40 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. పైగా పెరట్లో అయిదు పెట్టలుంటే అయిదు రకాల గుడ్లు వస్తాయి. ఒకటి మీగడ రంగు, ఒకటి లేత గులాబీ, ఒకటి చుక్కలది, ఒకటి కోలది, ఒకటి గుండ్రనిది. ముప్పై గుడ్లు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయంటే అవి ఒకే లైన్ కోళ్లవి, ఒకే షెడ్డువి.

ఇప్పుడు కాస్త లెక్క వేయండి. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లు. అవి కూడా వరుసగా పెట్టదు. పదీ పన్నెండు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది, 21 రోజులు కదలదు, ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని నెలలు తిరుగుతుంది. రోజుకి ఒకే ఒక్క ట్రే నాటు గుడ్లు ఏడాది పొడవునా రావాలంటే దాదాపు 200 నాటు పెట్టలు కావాలి. సైదాబాద్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక వంద కొట్లు రోజుకి రెండేసి ట్రేలు అమ్ముతున్నాయనుకుంటే 40 వేల పెట్టలు కావాలి. పైగా ఇంట్లోవాళ్లు ఒక్క గుడ్డూ తినకూడదు, ఒక్కటీ పొదిగించకూడదు. ఊళ్లలో కోడి గంపలు ఎన్ని మిగిలాయో చూసినవాళ్లెవరూ ఈ లెక్కని నమ్మరు.

రంగు వేసి అమ్మేవాళ్ల గురించి వేరే చెప్పాలి. తెల్ల గుడ్లని టీ డికాషన్లోనో ఏదో రంగు నీళ్లలోనో ముంచి నాటు గుడ్లుగా అమ్ముతూ దొరికిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇది దొంగతనం, దీనికి వేరే పేరు అక్కర్లేదు. పట్టుకోవడమూ కష్టం కాదు. ప్రోటోపార్ఫిరిన్‌కి ఒక గుణం ఉంది, అతినీలలోహిత కాంతి పడితే అది ఎర్రగా మెరుస్తుంది. నకిలీ నోట్లు చూసే చిన్న టార్చి ఉంటుంది కదా, చీకట్లో దాన్ని గుడ్డు మీద వేస్తే, కోడి పూసిన రంగయితే నిప్పుకణం రంగులో వెలుగుతుంది. టీ మరక అలా వెలగదు. ఆహార తనిఖీ అధికారులు ఆ టార్చి పట్టుకుని మార్కెట్లో ఒక్క సాయంత్రం నడిస్తే చాలు. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ టార్చి రంగు వేసింది కోడా మనిషా అన్నంతవరకే తేలుస్తుంది. నాటు పెట్టా, షెడ్డు పెట్టా అన్నది తేల్చదు. పెద్ద మోసం ఆ రెండో చోట ఉంది. అందులో టీ పొడి ఖర్చు కూడా లేదు.

ఆ మోసానికి ముడిసరుకులో కొంత మన రాజేంద్రనగర్‌లోనే పుట్టింది. ఈ మాట శాస్త్రవేత్తలని నిందించడానికి అనడం లేదు. 1988లో అక్కడ కోళ్ల పరిశోధన కోసం కేంద్రం ప్రాజెక్టు డైరెక్టరేట్ పెట్టింది, 2013లో అది కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అయింది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే కోడి రకాలు అక్కడివే. రాజశ్రీ కూడా రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం కేంద్రంలో తయారైందే. ఈ కోళ్లకి రంగురంగుల ఈకలుండేలా చూసింది కావాలనే. తెల్ల కోడి పెరట్లో తిరిగితే గద్దకి ఆకాశం నుంచే కనిపిస్తుంది. పైగా తెల్ల కోడి అంటే ఫారం కోడి అని ఊరివాళ్లు దగ్గరికి రానివ్వరు. లెగ్‌హార్న్ అనే తెల్ల కోడి జాతిలో ఈకల నలుపుని అణిచేసి తెల్లగా మార్చే డామినెంట్ వైట్ జన్యువు ఉంది. మార్కెట్‌ని నింపిన తెల్ల గుడ్డు కోళ్లన్నీ ఆ బాపతువే. 1971లో బి.వి. రావు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్, 1982లో పుట్టిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (ఎన్‌ఈసీసీ) ఆ తెల్ల గుడ్డుని దేశమంతా పంచాయి. దానివల్ల పేదవాడి పళ్లెంలోకి గుడ్డు వచ్చింది, కాదనడం పాపం. పల్లెకి మాత్రం వేరే కోడి కావాలని, గోధుమ రంగు గుడ్డు పెట్టే రంగు కోడిని రాజేంద్రనగర్ తయారుచేసింది. పెరటి పోషణలో గ్రామప్రియ ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది, వనరాజా 100 నుంచి 110 దాకా. వాటికి పేర్లు పెట్టారు, లెక్కలు రాశారు, ఏది దేనికి పనికొస్తుందో చెప్పారు. అక్కడిదాకా అంతా నిజాయితీ.

ఆ పేరు పల్లె దాటి నగరంలోకి వచ్చేసరికి మాయమవుతోంది. గ్రామప్రియ గుడ్డు గ్రామప్రియ గుడ్డుగా అమ్మితే తప్పేముంది? మంచి గుడ్డు, న్యాయమైన ధర అడగొచ్చు. కానీ పంజరాల్లో పెరిగిన ఎర్ర లేయర్ (గుడ్ల కోసమే పెంచే కోడి) గుడ్డు, పెరటి గ్రామప్రియ గుడ్డు, అసలు నాటు గుడ్డు మూడూ ఒకే అట్టముక్క కింద 'నాటు' అయిపోతున్నాయి. ఇందులో తిలా పాపం తలా పిడికెడు. షెడ్డువాడు చెప్పడు, బండివాడు అడగడు, కొట్టువాడికి అక్కర్లేదు, మనం రంగు చూసి డబ్బులిచ్చేస్తాం. అందరికన్నా ఎక్కువ నష్టపోయేది నిజంగా నాటు కోళ్లు పెంచే ఇల్లాలు. ఆమె గుడ్లు చిన్నవి, పాలిపోయినవి, ఒకదానికొకటి పొంతన లేనివి. నగరం బజారులో అవే నకిలీల్లా కనిపిస్తాయి! తీరు తెన్నూ లేని ఆ గుడ్లకి ఎవరూ ధర ఇవ్వరు. ఎర్రటి షెడ్డు గుడ్లు ఆమె ధరని కొట్టేశాయి, ఆమె పేరు కూడా కొట్టేశాయి.

ఇంకా లోతైన నష్టం ఊళ్లలోనే జరుగుతోంది. వనరాజా లాంటివి వేర్వేరు లైన్లని కలిపి తీసిన క్రాస్ కోళ్లు. మొదటి తరం బాగుంటుంది. వాటి గుడ్లు పొదిగిస్తే తర్వాతి తరంలో తాతముత్తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి, రంగులు ఎటో పోతాయి, గుడ్ల సంఖ్య పడిపోతుంది. పైగా గుడ్లు పెంచడం కోసం పొదిగే గుణాన్ని తగ్గించారు. అలా తగ్గించకుండా గుడ్లు పెరగవు, ఎందుకంటే పొదిగే పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుంది. కాబట్టి ప్రతిసారీ పిల్లల్ని హేచరీలోనే కొనాలి. కొనగలిగినవాళ్లకి ఇది మంచి బేరమే. కానీ ఊళ్లో ఆ పుంజులు నాటు పెట్టలతో కలుస్తాయి. అడ్డుకునేవారెవరు? రెండు మూడు తరాలకి ఊరికోడి అన్నది రంగులో మాత్రమే మిగులుతుంది. గంప కింద కూర్చుని పన్నెండు గుడ్లు పొదిగి, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కింద దాచుకుని, రోజంతా తిరిగి తన తిండి తనే ఏరుకునే పెట్ట పోతుంది. ఆ గుణాల్లో ఏ ఒక్కటీ ఈక రంగులో కనిపించదు, పెంకు రంగులో అసలే కనిపించదు. రంగు ఉంది కదా, నాటు ఉన్నట్టే అని మనం నిశ్చింతగా ఉంటాం. అది లోపల్లోపల కరిగిపోతూ ఉంటుంది.

కరిగిపోతున్నది చిన్న ఆస్తి కాదు. కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో నమోదు చేసిన కోడి జాతుల్లో తెలుగు నేలవి ఉన్నాయి. అసిల్ మనది. విజయనగరం వైపు డంకి మనది. చిత్తూరు వైపు కాళహస్తి, ఘాగస్ మనవి. ఘాగస్‌ని, అసిల్‌ని రాజేంద్రనగర్‌లో కాపాడుతున్నారు కూడా. మన అసిల్ రక్తంతోనే ఇంగ్లండులోని కార్న్‌వాల్ వాళ్లు 'ఇండియన్ గేమ్' అనే కోడిని చేసుకున్నారు. తర్వాత దాని పేరు కార్నిష్ అయింది, ప్రపంచం తినే బ్రాయిలర్‌కి రొమ్ము కండ ఇచ్చిన వంశం అది. అంతకన్నా పాత సంగతి ఒకటి 2008లో ప్రచురితమైన పరిశోధనలో బయటపడింది. కోళ్లకి పూర్వీకుడు ఎర్ర అడవికోడి అని డార్విన్ కాలం నుంచీ చెబుతున్నారు. కానీ ప్రపంచంలోని కోట్లాది కోళ్ల కాళ్లకీ చర్మానికీ ఉన్న పసుపు రంగు జన్యువు ఎర్ర అడవికోడి నుంచి రాలేదు. దక్షిణ భారతంలో తిరిగే బూడిద రంగు అడవికోడి నుంచి వచ్చింది. అమెరికాలో పసుపు కాళ్ల కోడి కనిపించినా దాని కాళ్లలో మన ద్వీపకల్పపు అడవి ఉన్నట్టే. ఇంత ఇచ్చిన నేల తన కోడిని పెంకు రంగుతో గుర్తుపట్టే స్థితికి రావడం నాకు సిగ్గుగా ఉంది.

రంగుకి రేటు కట్టే పిచ్చి గుడ్డుతో ఆగలేదు. గోదావరి జిల్లాల్లో కోడి పందేలకి కుక్కుట శాస్త్రం పేరుతో కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ, కౌజు, మైల అని ఈకల రంగుని బట్టి పేర్లు పెట్టి, ఏ వారం ఏ నక్షత్రంలో ఏ రంగు ఏ రంగుని గెలుస్తుందో పట్టికలు చూసుకుంటారు. ఆ పేర్లు అందమైనవి, వందల ఏళ్లుగా పెంపకందార్లు ఈకల్ని ఎంత నిశితంగా గమనించారో చెప్పే పేర్లు. వాటిని నేను ప్రేమిస్తాను. కానీ ఈకని నల్లగా చేసేదీ ఎర్రగా చేసేదీ కొద్ది జన్యువులు, వాటికి ఊపిరి పట్టుతోగానీ గుండె ధైర్యంతోగానీ నక్షత్రంతోగానీ పని లేదు. పందెం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, నేరమే కావాలి. ఆ పట్టిక నమ్మి పుంజుకి లక్షలు పోసేవాళ్లు రంగుకే పోస్తున్నారు. అసలు అసిల్ తెలిసినవాళ్లు మన పాతబస్తీలోనే ఉన్నారు. ముర్గీ చౌక్‌లో ఏ పెద్దాయన చేతిలోనైనా ఒక పుంజుని పెట్టి చూడండి. మెడ నిమురుతాడు, ఎముక పట్టి చూస్తాడు, ముక్కు, కాలి మందం, ఈక గట్టితనం చూస్తాడు, తల్లి ఎవరని అడుగుతాడు. రంగు ఆఖరి సంగతి. బజారంతా ఆయన దగ్గర పాఠం చెప్పించుకోవాలి.

కడక్‌నాథ్ సంగతీ అంతే. మధ్యప్రదేశ్ ఝాబువా జిల్లా భిల్లులు, భిలాలాలు తరతరాలుగా పెంచుకున్న నల్ల కోడి అది. 2018లో ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని చర్మం, మాంసం, ఎముక పొర నల్లగా ఉండడానికి కారణం ఫైబ్రోమెలనోసిస్ అనే జన్యు మార్పు. అది ప్రబల గుణం. అంటే కడక్‌నాథ్ పుంజుని వేరే పెట్టకి వేసినా మొదటి తరంలోనే నలుపు దిగిపోతుంది, ముఖ్యంగా పెట్ట పిల్లలకి. నల్ల చర్మం చూసి కడక్‌నాథ్ అని రెట్టింపు ఇచ్చేవాళ్లు సగం కడక్‌నాథ్‌కి పూర్తి ధర ఇస్తున్నారని అర్థం. ఇక కడక్‌నాథ్ నల్ల గుడ్డు పెడుతుందని ఫోన్లలో తిరిగే ఫొటోలు పచ్చి అబద్ధం. దాని గుడ్డు లేత గోధుమ, మీగడ రంగులోనే ఉంటుంది. 2019లో మహారాష్ట్ర సాంగ్లీ వైపు కడక్‌నాథ్ పెంపకం పథకాల్లో డబ్బు పెట్టి మునిగామని రైతులు పోలీసు స్టేషన్ల ముందు వరుస కట్టారు. వాళ్లని ముంచింది రంగు మీద కట్టిన ఆశే.

నీలం గుడ్డు పెట్టే పెట్టని అమ్ముతామని ఎవరైనా వస్తే, మేడ మీద నాలుగు కోళ్లు పెంచే మిత్రులు ఇది తెలుసుకుని బేరమాడాలి. నీలం పెంకు జన్యువు ప్రబలమని పన్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త 1933లోనే చూపించాడు. చిలీ అరౌకానా కోళ్లలో ఏనాడో ఒక రెట్రోవైరస్ ముక్క కోడి జన్యుపటంలో దూరడం వల్ల ఆ నీలం వచ్చిందని 2013లో తేలింది. చైనా నీలం గుడ్ల కోళ్లలో అలాంటిదే విడిగా జరిగింది. ఆ నీలం బిలివెర్డిన్, పెంకు మందమంతా ఇంకి ఉంటుంది. అమ్మేవాడు చూపించే పెట్టలో ఆ జన్యువు ఒక్క ప్రతే ఉంటే, మీ నాటు పుంజుతో కలిపాక పుట్టిన ఆడపిల్లల్లో సగం మామూలు గుడ్లే పెడతాయి. ఈకల్లో నీలి బూడిద రంగు ఇంకా చంచలం. నీలి కోడిని నీలి కోడితో కలిపితే పిల్లల్లో సగమే నీలివి, పావు వంతు నల్లవి, పావు వంతు మాసిన తెలుపువి. ఇది మోసం కాదు, మెండెల్ సూత్రం. 1902లో జన్యుశాస్త్రవేత్త బేట్సన్ కోడి జుట్టు మీద ప్రయోగాలు చేసి జంతువుల్లోనూ మెండెల్ సూత్రం నడుస్తుందని చూపించిన నాటి నుంచి తెలిసిన సంగతి. అది చెప్పకుండా ధర చెప్పడమే మోసం. రంగు కోసం పెంచడం తప్పని నేననను. ఒక ఈకలో జన్యువులు ఎలా పలుకుతాయో కళ్లారా చూడడం గొప్ప చదువు. కానీ రంగు నిలబెట్టడానికి అన్నాచెల్లెళ్లని కలిపి, పొదగని గుడ్లు, బలం లేని పిల్లలు మిగిల్చుకునే పెంపకం చదువు కాదు.

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద అట్టపెట్టెలో గులాబీ, ఆకుపచ్చ, నీలం కోడిపిల్లలు కిచకిచలాడుతుంటాయి. పిల్లలు ఆగిపోతారు, తల్లులు పది, ఇరవై రూపాయలిచ్చి కొనేస్తారు. ఆ పిల్లల చరిత్ర తెలిస్తే ఏ తల్లీ కొనదు. అవి ఎక్కువగా లేయర్ హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా ఎదగవు. పుట్టిన రోజే వేరు చేసి పారేయడానికి జన్యుశాస్త్రమే దారి చూపింది. కోళ్లలో ఆడదానికి జడ్, డబ్ల్యూ అనే వేర్వేరు క్రోమోజోములు, మగదానికి రెండూ జడ్‌లే. బంగారు రంగు పుంజుని వెండి రంగు పెట్టతో కలిపితే కొడుకులు తల్లి నుంచి వెండి జన్యువు తీసుకుని లేత పసుపుగా, కూతుళ్లు తండ్రి నుంచి బంగారం తీసుకుని ఎర్రగా పుడతారు. ఎర్ర గుడ్ల హేచరీల్లో రంగు చూసి ఏరేస్తారు, తెల్ల గుడ్ల లైన్లలో రెక్క ఈకల పొడవు చూసి ఏరేస్తారు. అలా ఏరేసిన మగపిల్లల్ని రంగు నీళ్లలో ముంచి, తల్లి వెచ్చదనం లేకుండా, సరైన దాణా లేకుండా ఎండలో పెట్టి అమ్ముతారు. వాటిలో చాలావరకు వారం తిరగకుండానే పోతాయి. పసిపిల్ల చేతిలో చచ్చిపోయిన గులాబీ కోడిపిల్లని చూడలేక ఏడ్చిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఈ అమ్మకాన్ని ఎందుకు ఆపరు? పోలీసులు, కార్పొరేషన్ సిబ్బంది ఆ పెట్టె పక్కనుంచే రోజూ నడుస్తారు.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. గుడ్డు మీద, ట్రే మీద, అట్టముక్క మీద ఏ రకం కోడో, ఎలా పెంచారో రాయాలి. గ్రామప్రియ అయితే గ్రామప్రియ అని, పంజరపు ఎర్ర లేయర్ అయితే అదే మాట, పెరటి నాటు పెట్ట అయితే ఊరి పేరుతో సహా. రాయకుండా 'నాటు' అని అమ్మితే తూకంలో మోసం చేసినట్టే జరిమానా వేయాలి. పల్లెల్లో రంగు కోళ్ల పిల్లల్ని పంచేటప్పుడు, ఊళ్లో నాటు పుంజులని విడిగా ఉంచుకునే ఇళ్లకి కొక్కెర టీకాలు, పొదుగు పెట్టలు, మందులు ముందు అందాలి. టీకా లేక కొక్కెర తెగులు ఒక్క వారంలో ఊరికోళ్లని ఊడ్చేస్తుంది, తర్వాత ఖాళీ గంపల్లోకి హేచరీ పిల్లలు వస్తాయి. డంకి, ఘాగస్, కాళహస్తి పేర్లు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

ఇక మీ వంతు. వచ్చే ఆదివారం గుడ్లు కొనడానికి వెళ్లినప్పుడు రంగు చూసి చెయ్యి చాపకండి. ఒక గుడ్డు తూకం వేయించండి. ట్రేలో గుడ్లన్నీ ఒకేలా ఉన్నాయా అని చూడండి. ఏ ఊరు, ఎవరి కోళ్లు, ఎన్ని పెట్టలు, బయట తిరుగుతాయా అని అడగండి. సరైన జవాబొస్తే అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి, ఎందుకంటే ఏడాదికి అరవై గుడ్లు పెట్టే పెట్టని సాకడం మామూలు కష్టం కాదు. జవాబు రాకపోతే పక్కనున్న తెల్ల గుడ్లు కొనుక్కుని ఇంటికి రండి. మీ బిడ్డకి కావలసిన ప్రొటీన్ వాటిలోనూ అంతే ఉంది, ధర మాత్రం సగం.